చిన్న కారు గేర్ ఆయిల్ మార్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు వైపు స్విఫ్ట్, బాలెనో, ఐ20, అమేజ్ లాంటి కార్లు నడిపేవాళ్ల నుంచి ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇక్కడి కొలతకూ మీ కారుతో వచ్చిన పుస్తకంలోని కొలతకూ తేడా కనిపిస్తే పుస్తకాన్నే నమ్మండి.

## మార్చాలా, వద్దా

“లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చనక్కర్లేదు” అన్నారు. నిజమేనా?

గేర్ ఆయిల్‌లోకి ఇంజిన్ ఆయిల్‌లాగా మసి చేరదు కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుంది. అంతవరకు నిజం. కానీ అందులో కలిపిన రసాయనాలు వేడికి బలహీనపడతాయి. పళ్ల నుంచి, క్లచ్ ప్లేట్ల నుంచి రాలిన పొడి బయటికి పోయే దారి లేక అందులోనే తిరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయిల్ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర అడుగడుక్కీ ఆగుతూ కదిలే కారుకు ఆ లెక్క బాగా వర్తిస్తుంది. కారును నాలుగేళ్లలో అమ్మేసేవాళ్లకు లైఫ్‌టైమ్ మాట సరిపోవచ్చు. పదేళ్లు ఉంచుకునేవాళ్లు మార్చాల్సిందే.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

పుస్తకంలో సర్వీసు పట్టిక రెండు రకాలుగా ఉంటుంది: మామూలు వాడకం, కఠినమైన వాడకం. విపరీతమైన ఎండ, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, రోజూ నాలుగైదు కిలోమీటర్ల చిన్న తిరుగుళ్లు రెండో రకం కిందికి వస్తాయి. మన ఊళ్లలో నడిచే చాలా కార్లు అందులోనే ఉన్నాయి. మా సలహా: సీవీటీ (పుల్లీలు, బెల్టుతో నడిచే ఆటోమేటిక్), ఆటోమేటిక్ అయితే 40,000 కిలోమీటర్లకు, మాన్యువల్, ఏఎంటీ (క్లచ్, గేరు యంత్రమే వేసే మాన్యువల్) అయితే 40,000 నుంచి 60,000 మధ్య. కారు తక్కువ తిరిగినా నాలుగేళ్లు దాటనివ్వకండి. రోజూ విజయవాడ నుంచి గుంటూరుకు హైవే మీద వెళ్లొచ్చే మాన్యువల్ కారు రెండో అంకె దాకా ఆగగలదు.

గేరు గట్టిగా పడుతోంది. ఆయిల్ మారిస్తే పోతుందా?

ముందు ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు సులువుగా పడుతూ, ఇంజిన్ నడుస్తుంటే మాత్రమే గట్టిగా పడితే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. కేబుల్, క్లచ్ సిలిండర్, ప్లేటు చూపించండి. ఆపినా గట్టిగానే ఉంటే గేర్ లివర్ కేబుళ్లు, లింకులు చూడాలి. పొద్దున మొదటి కిలోమీటరు గట్టిగా ఉండి, వేడెక్కాక బాగుపడితే ఆయిల్ మీద అనుమానం న్యాయమే: పాతబడి ఉండొచ్చు, లేదా ఎవరో చిక్కటి ఆయిల్ పోసి ఉండొచ్చు. ఒకే ఒక గేరు, ఉదాహరణకు సెకండ్ మాత్రమే, గరగరలాడుతూ పడుతుంటే ఆ గేరు సింక్రో రింగు (గేరు పడేముందు వేగాలను సమం చేసే రింగు) అరిగిందని అర్థం. దానికి ఆయిల్ మందు కాదు.

లక్ష దాటినా ఒక్కసారీ మార్చలేదు. ఇప్పుడు మారిస్తే గేర్ బాక్స్ పోతుందంటున్నారు. మార్చాలా, వదిలేయాలా?

ఈ భయం ఆటోమేటిక్ కార్ల విషయంలో పుట్టింది. గేర్ బాక్స్ అప్పటికే జారడం (ఇంజిన్ వేగం పెరిగినా కారు అందుకోకపోవడం) మొదలయ్యాక చివరి ప్రయత్నంగా ఆయిల్ మార్పిస్తారు, అది నెలలో పూర్తిగా పోతుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. జారడం, ఆలస్యంగా పట్టుకోవడం, కుదుపు లేకపోతే ధైర్యంగా మార్చండి. అయితే మిషన్ పెట్టి ఒత్తిడితో కడిగించొద్దు. పాత మడ్డి లేచి, ఆయిల్‌ను మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఉన్నది దించి అంతే పోయించండి, 1,000 కిలోమీటర్లు నడిపి ఇంకోసారి అదే చేయించండి. ఇప్పటికే జారుతుంటే ఆయిల్ కొనే ముందు కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టించి లోపాల కోడ్‌లు చూపించండి. మాన్యువల్ కారుకు ఈ భయమే అక్కర్లేదు.

## ఏ ఆయిల్, ఎంత

నా కారులో ఏ రకం గేర్ బాక్స్ ఉందో ఎలా తెలుస్తుంది?

మూడు పెడళ్లుంటే మాన్యువల్. రెండు పెడళ్లుండి, గేర్ లివర్ దగ్గర ‘పీ’ లేకుండా ఎన్, ఆర్, డీ మాత్రమే ఉంటే అది చాలావరకు ఏఎంటీ. మారుతి వాళ్లు దాన్నే ఏజీఎస్ అంటారు. ‘పీ’ ఉంటే సీవీటీ, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా అందించే మామూలు ఆటోమేటిక్), డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) ఈ మూడింట్లో ఒకటి. నడిపి పోల్చుకోవద్దు, వేరియంట్ పేరు చూసి పుస్తకంలో ఖాయం చేసుకోండి. ఒకే మోడల్ కారు ఒక ఏడాది సీవీటీతో, తర్వాత ఏడాది ఏఎంటీతో వచ్చిన సందర్భాలున్నాయి. బాలెనో అందుకు ఉదాహరణ.

ఆటోనగర్‌లో అన్నిటికీ ఈపీ 90 పోస్తామంటున్నారు. పోయించొచ్చా?

డబ్బా మీద రెండు విషయాలు చూడాలి: చిక్కదనం, జీఎల్ నంబరు (ఒత్తిడిని ఎంత తట్టుకుంటుందో చెప్పేది). ఈ కాలపు చిన్న కార్ల మాన్యువల్ గేర్ బాక్సులు ఎక్కువగా 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-85, 75డబ్ల్యూ-90లలో ఏదో ఒకటి అడుగుతాయి. ఈపీ 90 ఒకే గ్రేడు ఆయిల్. చల్లగా ఉన్నప్పుడు వీటికంటే చిక్కగా ఉంటుంది. మన దగ్గర చలి తక్కువ కాబట్టి గేర్ బాక్స్ పాడైపోదు గానీ, పొద్దున గేరు బరువుగా పడుతుంది.

అసలు ప్రమాదం జీఎల్ నంబరులో ఉంది. జీఎల్-5 లారీల, జీపుల వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు బలం పంచే గేర్లు) కోసం చేసినది. విపరీతమైన ఒత్తిడిని తట్టుకోడానికి అందులో గంధకం, భాస్వరం కలిసిన రసాయనం ఎక్కువ పాళ్లలో ఉంటుంది. సింక్రో రింగు పని రెండు గేర్ల వేగాన్ని రాపిడితో సమం చేయడం. మరీ జారుడుగా ఉండే ఆయిల్‌లో ఆ రాపిడి చాలదు, గేరు పడేటప్పుడు కరకరమంటుంది. పైగా ఆ గంధకం వేడిలో ఇత్తడిని తినేస్తుంది, చాలా సింక్రో రింగులు ఇత్తడివే. అందుకే పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 మాత్రమే. “జీఎల్-5 ఇంకా పెద్ద నంబరు కదా, ఇంకా మంచిది” అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మెకానిక్ చేయి ఎంత మంచిదైనా డబ్బా మాత్రం మీరే చదవండి, వీలైతే మీరే కొని తీసుకెళ్లండి.

సీవీటీలో మామూలు ఎర్ర ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్) పోస్తే ఏమవుతుంది?

సీవీటీలో పళ్ల గేర్లు మార్చుకుంటూ పోయే పద్ధతి లేదు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు నొక్కుకుని తిరుగుతుంది. లోహానికీ లోహానికీ మధ్య పట్టు నిలిపేలా దాని ఆయిల్‌ను తయారు చేస్తారు. మామూలు ఏటీఎఫ్ అక్కడ ఆ పట్టు ఇవ్వలేదు. బెల్టు జారుతుంది, పుల్లీ మీద గీతలు పడతాయి, ఆ గీతల పొడి మిగతా భాగాలను తింటుంది. హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2 అనే ఆయిల్, మిగతావాటికి ఆయా కంపెనీ చెప్పిన గ్రేడు. ‘అన్ని సీవీటీలకూ’ అని రాసిన డబ్బా వైపు మేము వెళ్లం. రంగు చూసి కూడా నిర్ణయించొద్దు; సీవీటీ ఆయిళ్లు పచ్చగా, నీలంగా, తేనె రంగులో కూడా వస్తాయి.

పొరపాటున పోసినట్టు వెంటనే తెలిస్తే కారు స్టార్ట్ చేయకుండా దించేయండి. నడిపి ఉంటే సరైన ఆయిల్‌తో రెండు మూడు సార్లు దించి పోయించాలి.

ఎన్ని లీటర్లు కొనాలి?

చిన్న కారు మాన్యువల్, ఏఎంటీ గేర్ బాక్సుల్లో సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర లీటర్లు పడుతుంది. హోండా సీవీటీలో ఒక దఫా దించి పోయడానికి సుమారు మూడున్నర. ఆరు గేర్ల ఆటోమేటిక్‌లో మొత్తం 7 లీటర్ల దాకా ఉన్నా, కింద బోల్ట్ విప్పితే వచ్చేది దాదాపు సగమే. అవసరానికి ఒక లీటరు ఎక్కువ కొనండి. పుస్తకంలో ‘మొత్తం’ అని ఒకటి, ‘మార్చేటప్పుడు’ అని ఒకటి వేర్వేరుగా రాసి ఉంటాయి. మొదటి అంకె చూసి పోసేసినవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

ఆయిల్ అసలుదో నకిలీదో ఎలా తెలుసుకోవాలి?

బిల్లు ఇచ్చే కొట్లోనే కొనండి. మూత కింద సీలు, బ్యాచ్ నంబరు, తయారీ నెల చెక్కుచెదరకుండా ఉండాలి. లూజు గేర్ ఆయిల్ మాత్రం ఏ కారుకూ వద్దు. వాడేసిన డబ్బాలను పనికిరాకుండా నొక్కి పారేయండి, వాటినే మళ్లీ నింపి అమ్ముతారు.

## పనికి ముందు

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే చేసుకోవచ్చా?

మాన్యువల్ అయితే, నేల సమతలంగా ఉంటే, చేసుకోవచ్చు. సెల్లార్లు చాలావాటికి నీళ్లు పోవడానికి వాలు ఉంటుంది. ఆ వాలు మీద గేర్ ఆయిల్ మట్టం తప్పు చూపిస్తుంది. కారును ముందువైపు మాత్రమే ఎత్తినా అదే తప్పు. నాలుగు మూలలా స్టాండ్లు పెట్టి సమంగా ఎత్తాలి, లేదా గుంత ఉన్న చోటుకు తీసుకెళ్లాలి. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే. దాన్ని నమ్ముకుని కారు కిందికి దూరవద్దు, ఒక్క నిమిషానికైనా సరే. ఆటోమేటిక్, సీవీటీలకు స్కానర్ లేకపోతే, డీసీటీలకు ఎలాగైనా, తెలిసినవాళ్ల చేత చేయించుకోవడమే మంచిది.

ఏమేం సామాన్లు కావాలి?

బోల్ట్ తలకు సరిపడే బాక్స్ పానా లేదా అలెన్ కీ, టార్క్ రెంచ్ (ఎంత బిగువుకు బిగించామో చూపే పానా), నాలుగు లీటర్లు పట్టే వెడల్పాటి తొట్టి, మీటరు పొడవు పారదర్శకమైన గొట్టం, గరాటు, నూలుపోగులు రాలని గుడ్డ, లీటరు గీతలున్న సీసాలు, చేతి తొడుగులు. హోండా సీవీటీ డ్రెయిన్ బోల్ట్‌కు (ఆయిల్ దించే బోల్ట్‌కు) తల ఉండదు, చదరపు గుంట ఉంటుంది. 3/8 అంగుళం రాచెట్ నేరుగా అందులో కూర్చుంటుంది. బోల్ట్ వాషర్లు కొత్తవి ముందే కొనిపెట్టుకోండి. ఒకసారి నలిగిన అల్యూమినియం వాషర్ రెండోసారి సరిగా పట్టదు. కొన్ని కార్లలో వాషరే ఉండదు, బోల్ట్ మరల మీద సీలెంట్ రాయాలి. మీదేదో పుస్తకంలో చూసుకోండి.

ఎండాకాలంలో ఏ వేళ చేయాలి?

మాన్యువల్‌కు ఏ వేళైనా ఫరవాలేదు. ఆటోమేటిక్‌కు మాత్రం ఇది మన ప్రాంతంలో నిజమైన చిక్కు. చాలా గేర్ బాక్సుల్లో ఆయిల్ మట్టాన్ని ఒక నిర్ణీత వేడి దగ్గర చూడాలి. కొన్నింటికి అది 45 డిగ్రీలలోపు, హ్యుందాయ్ ఆరు గేర్ల ఆటోమేటిక్‌కు 50 నుంచి 60 డిగ్రీలు. మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు గేర్ ఆయిల్ స్టార్ట్ చేయకముందే 45కు దగ్గరలో ఉంటుంది. ఇంజిన్ రెండు నిమిషాలు నడిస్తే కొలిచే సమయం దాటిపోతుంది. రాత్రంతా నీడలో ఉంచి, పొద్దున ఆరింటికల్లా మొదలుపెట్టండి. వర్క్‌షాప్‌కైతే ముందురోజు సాయంత్రమే అప్పగించి, పొద్దున మొదటి పనిగా చేయమనండి.

## దించడం, పోయడం

గేర్ ఆయిల్ బోల్ట్ ఏది, ఇంజిన్ ఆయిల్ బోల్ట్ ఏది?

ఇంజిన్ అడ్డంగా కూర్చున్న చిన్న కార్లలో చాలావాటికి గేర్ బాక్స్ బ్యాటరీ ఉన్న వైపు, దాని కిందుగా ఉంటుంది. చక్రాలకు వెళ్లే రెండు ఇరుసులు దానిలోంచే వస్తాయి. ఇంజిన్ ఆయిల్ బోల్ట్, ఆయిల్ ఫిల్టర్ ఉన్న ఇంజిన్ అడుగు తొట్టికి ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ మార్చేటప్పుడు రెండూ తారుమారైతే జరిగేది ఇది: గేర్ బాక్స్ ఖాళీ అవుతుంది, ఇంజిన్‌లో రెట్టింపు ఆయిల్ చేరుతుంది, పది కిలోమీటర్లలో రెండూ దెబ్బతినొచ్చు. గేర్ ఆయిల్ మార్చేటప్పుడు బోల్ట్ విప్పగానే వచ్చేది నల్లగా, పల్చగా, మసి వాసనతో ఉంటే అది ఇంజిన్ ఆయిల్. అక్కడే ఆగిపోండి.

మాన్యువల్ గేర్ బాక్స్ ఆయిల్ వరుసగా ఎలా మార్చాలి?

పది నిమిషాలు నడిపి రండి. గోరువెచ్చని ఆయిల్ బాగా దిగుతుంది, అడుగున ఉన్న పొడినీ తీసుకొస్తుంది. కారును సమంగా ఎత్తి, చక్రాలకు అడ్డం పెట్టి, ఇంజిన్ ఆపండి.

ముందు పోసే బోల్ట్ విప్పండి. దించే బోల్ట్ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి. పోసే బోల్ట్ పట్టేసి, తల అరిగి రాకపోతే, పాత ఆయిల్‌తోనైనా కారు వర్క్‌షాప్‌కు నడిచివెళ్తుంది. దించేశాక ఈ సంగతి తెలిస్తే కారు అక్కడే నిలిచిపోతుంది. ఈ ఒక్క వరుస తప్పి కారును లాక్కెళ్లే బండి పిలిపించుకున్నవాళ్లు చాలామంది.

తర్వాత దించే బోల్ట్ విప్పి, ధార చుక్కలుగా మారాక కూడా పదిహేను నిమిషాలు వదిలేయండి. వచ్చినదాన్ని సీసాల్లో పోసి కొలవండి. బోల్ట్ అయస్కాంతం తుడిచి, కొత్త వాషర్ వేసి, చేత్తో తిప్పి మరలు సరిగ్గా కూర్చున్నాకే పానా పెట్టండి. పుస్తకంలోని టార్క్ దాకా బిగించండి. గేర్ బాక్స్ తొడుగు అల్యూమినియం. మొండిగా బిగిస్తే మరలు ఊడొస్తాయి, హెలికాయిల్ (మరలు నిలపడానికి వేసే తీగ చుట్ట) వేయించాల్సి వస్తుంది.

పోసేందుకు పైనుంచి గొట్టం దింపండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీస్తే చాలా కార్లలో దారి దొరుకుతుంది. నెమ్మదిగా పోస్తూ ఉంటే మట్టం పోసే రంధ్రం అంచుకు వచ్చి సన్నగా బయటికి కారుతుంది. ఆ కారడం ఆగాక బోల్ట్ బిగించండి. పోసే రంధ్రం వేరే ఎత్తులో ఉండి, మట్టానికి వేరే గుర్తున్న గేర్ బాక్సులూ ఉన్నాయి. వాటిలో పుస్తకం చెప్పిన కొలతే పోయాలి. చివరికి అన్ని గేర్లూ వేసి, ఐదారు కిలోమీటర్లు నడిపి, బోల్టుల దగ్గర తడి ఉందేమో చూడండి.

బోల్ట్ అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుంది. కంగారు పడాలా?

వేళ్ల మధ్య రుద్దండి. కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదల, తుడిచేయండి. గుచ్చుకునే ముక్కలు, గేరు పంటి విరుగులా కనిపించేవి, రేకులు వస్తే గేర్ బాక్స్ విప్పి చూడాల్సిందే. బంగారు రంగు మెరుపు ఆయిల్‌లోనే తేలుతుంటే సింక్రో రింగుల ఇత్తడి అరుగుతోంది. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు.

ఆటోమేటిక్‌లో డిప్ స్టిక్కే లేదు. మట్టం ఎలా చూస్తారు?

దించినంత పోసి, ఇంజిన్ నడుస్తుండగా, బ్రేక్ తొక్కి పీ నుంచి డీ దాకా ప్రతి స్థానంలో రెండు మూడు సెకన్లు ఆపి, మళ్లీ పీకి తేవాలి. స్కానర్‌లో ఆయిల్ వేడి చూస్తూ, చెప్పిన డిగ్రీలకు రాగానే కింద మట్టం బోల్ట్ విప్పాలి. సన్నటి ధార వచ్చి చుక్కలుగా మారితే సరి. ఏమీ రాకపోతే ఇంకా పోయాలి. వేడి ఎందుకంత ముఖ్యమంటే, 6 లీటర్ల ఆయిల్ 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 170 నుంచి 180 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. బాగా వేడెక్కినప్పుడు విప్పితే ఆ ఉబ్బినదంతా బయటికి పోయి, చల్లారాక మట్టం తగ్గుతుంది. హోండా సీవీటీ డ్రెయిన్ బోల్ట్‌కు టార్క్ 49 న్యూటన్ మీటర్లు.

ఒకసారి దించితే సగమే వస్తుందంటున్నారు. మిగతా సగం పాతదేనా?

అవును. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉన్నది కింద బోల్ట్ గుండా దిగదు. ప్రతిసారి సగం మారిందనుకుంటే, ఒక దఫాకు కొత్తది 50 శాతం, రెండు దఫాలకు 75, మూడుకు 87.5. నాలుగో దఫా పెట్టే ఖర్చుకు తగ్గ లాభం ఉండదు. సమయానికి మార్చుకుంటూ వచ్చిన కారుకు ఒక దఫా చాలు. ఆలస్యం చేసిన కారుకు 1,000 కిలోమీటర్ల ఎడంతో రెండు లేదా మూడు.

ఏఎంటీకి ఆటోమేటిక్ ఆయిల్ పోయాలా?

వద్దు. ఏఎంటీ లోపల ఉన్నది మాన్యువల్ గేర్ బాక్సే, దానికి మాన్యువల్ గేర్ ఆయిలే. క్లచ్ నొక్కి గేరు వేసే యంత్రం మారుతి ఏజీఎస్‌లో హైడ్రాలిక్ ఒత్తిడితో పనిచేస్తుంది. దానికి వేరే చిన్న డబ్బా, వేరే ఆయిల్ ఉన్నాయి. చూడ్డానికి బ్రేక్ ఆయిల్ డబ్బాలా ఉంటుంది గానీ అందులో బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు పాడై మొత్తం యూనిట్ పోతుంది. ఆ ఆయిల్ మారిస్తే గాలి తీయడానికి స్కానర్ కావాలి, కాబట్టి ఆ భాగం వర్క్‌షాప్‌కు వదిలేయండి.

## పని అయ్యాక

మర్నాడు కారు కింద రెండు చుక్కలు కనిపించాయి. మళ్లీ విప్పాలా?

ముందు శుభ్రంగా తుడిచి, ఒక పాత అట్ట పరిచి రాత్రంతా వదిలేయండి. పోసేటప్పుడు ఒలికినది రెండు రోజులు కారుతూనే ఉంటుంది. మూడో రోజూ బోల్ట్ దగ్గరే తడి ఉంటే వాషర్ సరిగా కూర్చోలేదు. ఇంకా బిగించి ఆపాలని చూడకండి, వాషర్ మార్చండి.

కాస్త ఎక్కువ పోస్తే నష్టమేంటి?

తిరిగే గేర్లు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగకు రాపిడి ఆపే శక్తి తక్కువ. ఆటోమేటిక్‌లో పంపు ఆ నురగను పీల్చి ఒత్తిడి నిలపలేక గేర్లు జారతాయి. ఎక్కువైనది బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) గుండా బయటికి చిమ్ముతుంది. తక్కువ పోసినా అంతే చెరుపు, పై గేర్లు, బేరింగులు ఎండిపోతాయి.

వరద నీళ్లలో కారు మునిగింది. గేర్ ఆయిల్ సంగతి ఏంటి?

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నిలిచినప్పుడు చాలామంది ఇంజిన్ గురించే ఆలోచించారు. గేర్ బాక్స్ పైన గాలి ఆడే బ్రీదర్ ఉంటుంది, నీళ్లు దాన్ని ముంచితే లోపలికి దిగుతాయి. పాలు కలిపిన టీ రంగులో ఆయిల్ వస్తే నీళ్లు చేరినట్టే. స్టార్ట్ చేయకుండా కట్టి లాగించండి. ఆటోమేటిక్ అయితే నడిచే చక్రాలు నేలకు ఆనకుండా లేపి తీసుకెళ్లాలి. మాన్యువల్ అయితే దించి, చవకైన సరైన గ్రేడు ఆయిల్ పోసి, పది కిలోమీటర్లు నడిపి మళ్లీ దించండి. రంగు తేటపడేదాకా ఇలా చేసి, చివర్లో మంచి ఆయిల్ పోయండి. ఆటోమేటిక్, సీవీటీలో నీళ్లు క్లచ్ ప్లేట్ల మీది జిగురును ఊడదీస్తాయి కాబట్టి ఒట్టి ఆయిల్ మార్పుతో సరిపోకపోవచ్చు. బీమా సర్వేయర్ చూడకముందు మాత్రం ఏదీ విప్పించకండి.

దించిన పాత ఆయిల్ ఏం చేయాలి?

మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ సేకరించే వర్క్‌షాప్‌కు ఇవ్వండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద ఇది ప్రమాదకర వ్యర్థం. బందరు, ఏలూరు, రైవస్ కాలువల నీళ్లు పొలాలకు, తాగునీటి చెరువులకు వెళ్తాయి. కాలువలోకి గానీ వీధి డ్రైనేజీలోకి గానీ ఒక్క లీటరు కూడా వదలొద్దు. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ కలిపి ఇచ్చినా తీసుకుంటారు. కూలెంట్, బ్రేక్ ఆయిల్ మాత్రం అందులో కలపకండి.